ఇంటికి తెచ్చిన నవల: గ్రంథాలయాలు, వినోద కథాసాహిత్యం, కౌమార పాఠకులు

తెలుగునాట గ్రంథాలయోద్యమ చరిత్ర ప్రధానంగా సంస్థల చరిత్రగానే మనకు లభిస్తున్నది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం - ఈ వరుస పరిశోధకులందరికీ కంఠస్థమే. ఎవరు స్థాపించారు, ఎవరు స్థలమిచ్చారు, ఏ సభకు ఎవరు అధ్యక్షత వహించారు అన్న వివరాలకు కొదవ లేదు. ఆ అలమరల ముందు నిలబడిన మనిషి ఏ పుస్తకం అడిగాడు, చివరకు ఏ పుస్తకం అతని చేతికందింది అన్న ప్రశ్నకు మాత్రం ఆ చరిత్రలో చోటు స్వల్పం. కేవలం ఆనందం కోసం చదివిన కథలు, నవలల విషయంలో ఈ మౌనం మరీ గాఢమైనది.

పెద్దలకూ, బడి చదువు ముగిసే వయసులోని పిల్లలకూ వినోద నవల ఏ దారుల్లో చేరిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పాశ్చాత్య గ్రంథాలయాల్లో కౌమార పాఠకులకు వేరే అలమరా, వేరే పుస్తకాల పట్టికలు ఏర్పడ్డాయి. మనకు అటువంటి విభజన లేకపోవడాన్ని ఒక లోటుగా చెప్పడం పరిపాటి. అది పాక్షిక సత్యమే. తెలుగు ఇంట్లో పదిహేనేళ్ల పాఠకుడు పెద్దల నవలను గ్రంథాలయం నుంచి మోసుకొచ్చే మనిషిగా తయారయ్యాడు. తెచ్చిన నవలను ముందుగా చదివిందీ, చాలాసార్లు, అతడే. ఈ ఉమ్మడి పఠనాన్ని గుర్తించకుండా మన పాఠకుల చరిత్రను రాయలేమన్నది ఇక్కడి ప్రతిపాదన.

అధ్యక్షపీఠం మీద నవలాకారుడు

1914 ఏప్రిల్ 10న బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల పూనికతో జరిగిన తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభకు చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షత వహించారు. ఈ వాస్తవాన్ని అందరూ పేర్కొంటారు గాని, దాని మీద నిలిచి ఆలోచించినవారు తక్కువ. చిలకమర్తి నవలాకారుడు. 'చింతామణి' పత్రిక నిర్వహించిన నవలల పోటీలో బహుమతి పొంది పేరు తెచ్చుకున్న రచయిత. 'గణపతి' వంటి హాస్య నవల రాసి తెలుగు ఇళ్లను నవ్వించిన రచయిత. బాల్యం నుంచీ రేచీకటితో బాధపడి, తరువాత పూర్తిగా చూపు కోల్పోయిన మనిషి కూడా. ఇతరులు చదువుతుంటే వినడం ఆయనకు నిత్యానుభవం. గ్రంథాలయోద్యమానికి తొలి అధ్యక్షుడు కళ్లతో చదివే పాఠకునిగా కంటె చెవులతో చదివే పాఠకునిగా బతికినవాడు కావడం విశేషమే. ఆనాటి పల్లె పఠనమందిరాలలో కూడా ఒకరు చదవడం, పదిమంది వినడం మామూలు పద్ధతి గదా.

అయితే ఉద్యమం ఎన్నుకున్న పుస్తక ఆదర్శం 'గణపతి' కాదు; విజ్ఞానచంద్రికా గ్రంథమండలి. కొమర్రాజు లక్ష్మణరావు తదితరులు 1906లో స్థాపించిన ఆ మండలి చరిత్ర, జీవితచరిత్ర, ప్రకృతిశాస్త్రాలను తెలుగులోకి తెచ్చింది. నవలను అది వెలివేయలేదు. పోటీలు పెట్టి మరీ రాయించింది. కాని అవి చారిత్రక నవలలు. అంటే కథను చరిత్రజ్ఞానానికి వాహనంగా అంగీకరించింది. పాఠకుడు కథ కోసం వస్తాడు, జ్ఞానంతో తిరిగి వెళతాడు అన్నది అందులోని లెక్క. మందును తేనెతో కలిపి ఇవ్వడం మన వైద్యంలో ఉన్నదే. తేనెను తేనెగా ఇవ్వడానికి మాత్రం ఉద్యమానికి చేయి రాలేదు.

తేనెను తేనెగా ఇచ్చినవారు లేకపోలేదు. 1911లో మొదలైన ఆంధ్రప్రచారిణీ గ్రంథమాల ద్వారా వేంకట పార్వతీశ కవులు వంగ నవలలను విరివిగా తెలుగు చేశారు. అందులో అపరాధ పరిశోధక నవలలకూ స్థానం ఉంది. గ్రంథాలయాలు ఈ నవలలను తెప్పించుకున్నాయి, పాఠకులు చదివారు. ఉద్యమ వాఙ్మయం మాత్రం వీటిని ఎప్పుడూ క్షమాపణ స్వరంతోనే ప్రస్తావిస్తుంది.

తెలంగాణలో పరిస్థితి వేరు. సభ పెట్టుకోవడానికి ముందస్తు అనుమతి కావలసిన నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం చేతబట్టడమే ఒక వైఖరి. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల ప్రారంభించి, పుస్తకాలను స్వయంగా మోసుకొని ఊరూరా తిరిగి అమ్మారు. అక్కడ ఏది వినోదం, ఏది విజ్ఞానం అన్న తగవుకు తీరిక లేదు. ఆళ్వారుస్వామి తానే తరువాత 'ప్రజల మనిషి' రాసి, చదివించే కథకూ చెప్పదలచిన చరిత్రకూ పొత్తు కుదిరించారు. కోస్తా ఉద్యమ చరిత్రను కొలమానంగా పెట్టుకొని తెలంగాణ పాఠకులను అంచనా వేసే అలవాటు ఇప్పటికైనా సడలవలసి ఉన్నది.

అద్దె దుకాణం అనే గ్రంథాలయం

కొవ్వలి లక్ష్మీనరసింహారావు వందలాదిగా నవలలు రాశారు. వెయ్యి అనే లెక్క లోకంలో ప్రచారంలో ఉన్నది. చవక ధరకు రైల్వే స్టేషన్లలో అమ్ముడుపోయిన ఆ నవలలూ, జంపన చంద్రశేఖరరావు నవలలూ ఒక తరం స్త్రీలకు, అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న యువకులకు చదవడాన్ని అలవాటు చేశాయి. ఆ తరువాత కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు వచ్చారు. యుగంధర్ నవలల్లో నేరం కంటె మద్రాసు నగరం ఎక్కువ ఆకర్షించిందని నా అభిప్రాయం. కారు, టెలిఫోను, హోటలు గది, చురుకైన పొడిమాటల సంభాషణ - పల్లెటూరి హైస్కూలు విద్యార్థికి అదొక ప్రయాణం. పాఠ్యపుస్తకం ఇవ్వని పొట్టి వాక్యాన్ని తెలుగు వచనంలో అతడు మొదట చూసింది అక్కడే.

ప్రభుత్వ వ్యవస్థ ఈలోగా బలపడింది. 1948 నాటి మద్రాసు చట్టం, 1955 నాటి హైదరాబాదు చట్టం, ఆ రెండింటి స్థానంలో 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చాయి. ఆస్తిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలై, జిల్లా గ్రంథాలయ సంస్థలు శాఖలు తెరిచాయి. కాని వారపత్రికలో ధారావాహికగా ముగిసిన నవల కోసం పాఠకులు అప్పటికప్పుడు ఎగబడుతున్నప్పుడు, ఎంపిక సంఘం, కొనుగోలు పట్టిక, చేరిక నమోదు అనే మెట్లన్నీ దిగి ఆ నవల శాఖా గ్రంథాలయానికి చేరడానికి కాలం పట్టేది. ఒక్క ప్రతి వచ్చినా అది ఎప్పుడూ ఎవరి ఇంట్లోనో ఉండేది. ఆ ఖాళీని నింపింది వీధి చివర అద్దె పుస్తకాల దుకాణం.

డిపాజిట్టు కట్టించుకొని, రోజుకింత అని అద్దె వసూలు చేసే ఈ దుకాణాలు 1960ల నుంచి 1980ల దాకా తెలుగు పట్టణాల్లో విస్తరించాయి. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' మొదలుకొని యండమూరి వీరేంద్రనాథ్, మల్లాది వెంకటకృష్ణమూర్తి, మధుబాబు షాడో నవలల వరకు వాటి అలమరల్లో నలిగాయి. అట్ట వేసి దారంతో కుట్టిన ప్రతులు, మొదటి పుట మీద దుకాణం ముద్ర, మూలలు మడిచిన పేజీలు - రూపమే వాటి వాడుకకు సాక్ష్యం. ఇళ్లలో స్త్రీలు వారపత్రికల నుంచి ధారావాహిక పుటలు చింపి, వరుసగా పేర్చి కుట్టుకున్న పుస్తకాలు మరో సమాంతర గ్రంథాలయం. వాటికి ముద్రణ సంవత్సరం లేదు, ప్రచురణకర్త పేరు లేదు. అందువల్ల మన గ్రంథసూచికల్లో చోటూ లేదు.

సిఫారసు అనే పని నిజంగా జరిగింది ఈ దుకాణంలోనే. శాఖా గ్రంథాలయంలో పుస్తకాన్ని పాఠకుడే వెదుక్కోవాలి. దుకాణదారుకు అద్దె మీద బతుకు గనుక, పోయినసారి తీసుకెళ్లిన పుస్తకం నచ్చిందో లేదో కనుక్కోక తప్పదు. "ఇది చదివారా? అయితే అది మీకు నచ్చుతుంది" అనే మాటకు వెనుక సాహిత్య సిద్ధాంతమేదీ లేదు, పాఠకుని ముఖం గుర్తుండటమే ఉంది. ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు, ప్రతి పాఠకునికీ ఒక పుస్తకం ఉండాలని ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో చెప్పిన సూత్రాలను గ్రంథాలయశాస్త్రం చదవని ఈ వ్యాపారి తన లాభం కోసమే గాని, బాగానే పాటించాడు.

పుస్తకం తేవడానికి దుకాణానికి వెళ్లిందెవరు? తల్లికో, పిన్నికో, వదినకో నవల కావాలి. బయటికి వెళ్లే తీరిక గాని అనుమతి గాని ఆమెకు లేదు. స్కూలు నుంచి వస్తూ దారిలో పుస్తకం మార్చుకొచ్చే పని కొడుకుదో, చిన్న కూతురిదో. దుకాణంలోనే కొన్ని పుటలు, నడుస్తూ కొన్ని, ఇంటికొచ్చాక అమ్మ పనిలో ఉండగా మిగిలినవి - ఇట్లా చదివారు ఆ పిల్లలు. 'సెక్రటరీ'లోని జయంతి ఆత్మాభిమానాన్ని తల్లి ఒక విధంగా, పద్నాలుగేళ్ల కూతురు మరో విధంగా చదువుకొని ఉంటారు. ఉద్యోగం చేస్తూ తనకై తాను నిలబడే యువతి ఒకరికి చేజారిన అవకాశం, ఇంకొకరికి ముందున్న అవకాశం. కథ చివరికి ఆమెను పెళ్లి దగ్గరికే చేర్చిందన్న స్త్రీవాద విమర్శ సరైనదే. కాని ఆ విమర్శ నవల ముగింపును చూసింది. నవల చేతులు మారిన తీరును చూడలేదు.

ఈ సాహిత్యాన్ని మొత్తంగా వెనకేసుకు రావడం నా అభిమతం కాదు. 'తులసిదళం' చేతబడిని నమ్మదగినదిగా చిత్రించిందన్న ఆక్షేపణలో బలముంది. ధనికుడైన నాయకుని కారూ బంగళాల వర్ణనతో పుటలు నింపిన నవలలు లెక్కకు మిక్కిలి. అయితే అవి చెడ్డవని తేల్చడంతో, వాటిని చదివినవారెవరో తెలుసుకోవలసిన బాధ్యత తీరిపోదు. డ్యూయీ వర్గీకరణలో తెలుగు నవల అంకె 894.8273. 'వేయిపడగలు'కూ షాడో నవలకూ అంకె అదే. వర్గీకరణకు లేని పట్టింపు సాహిత్య చరిత్రకారునికి ఉండవచ్చు, పాఠకుల చరిత్ర రాసేవానికి మాత్రం ఉండరాదు.

ఉమ్మడిగా చదివిన పుస్తకాలు

నేడు గ్రంథపాలకుడు గాని, అధ్యాపకుడు గాని ఒక పదిహేనేళ్ల పాఠకునికి తెలుగు నవల చెప్పవలసి వచ్చినప్పుడు బహుమతి పొందిన గ్రంథాల పట్టిక తెరుస్తారు. గౌరవించదగిన పుస్తకం వేరు, చేతికివ్వదగిన పుస్తకం వేరు. 'చివరకు మిగిలేది' గొప్ప నవల అనడంలో నాకు సందేహం లేదు. దయానిధి మనస్సులోని చిక్కులు ఆ వయసులో అర్థం కావు. అర్థమైనట్టు నటించడం నేర్చుకుంటే అది మరింత నష్టం.

పై చరిత్ర చూపే దారి మరొకటి. ఇంటిల్లిపాదీ పంచుకున్న పుస్తకాలను గమనిస్తే, వయోభేదాన్ని దాటించే గుణం వాటిలో ఏదో కనబడుతుంది. మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిష్టరు పార్వతీశం' మొదటి భాగంలో మొగల్తూరు నుంచి ఇంగ్లండు దాకా సాగే ప్రయాణమే అందుకు ఉదాహరణ. పిల్లవాడు పార్వతీశం తికమకను చూసి నవ్వుతాడు. పెద్దవాడు ఆ తికమకలో తన తొలి పట్నవాసాన్ని గుర్తుపట్టి నవ్వుతాడు. తరువాతి భాగాలలో ఈ జంట నవ్వు పలచబడింది. ముళ్లపూడి వెంకటరమణ 'బుడుగు' పెద్దల వారపత్రికలో పెద్దల కోసం వచ్చిన పిల్లవాని గొంతు. దాన్ని బాలసాహిత్యమనీ, కాదనీ జరిగే చర్చ అనవసరం. రెండు తరాలు ఒకే పుటను వేరువేరు కారణాలకు చదివాయన్నదే ముఖ్యం. సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' నూరు. ఏ ఒక్కటీ కూర్చున్నచోటి నుంచి లేవనీయనంత పెద్దది కాదు. మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' నెల్లూరు సీమ మాటలో, ముస్లిం కుటుంబంలోని పిల్లవాని చూపుతో సాగుతుంది. తన ఇంటి మాట పుస్తకంలో ఉండగలదని ఒక విద్యార్థికి తెలియజెప్పడానికి దానికి సాటి వచ్చేవి మన వద్ద కొద్దే. వీటన్నిటా పాఠకుని పక్కన కూర్చొని మాట్లాడే కథకుడున్నాడు. చిలకమర్తి 'గణపతి'లోనూ వాడే ఉన్నాడు.

ఆధారాల సంగతి

ఈ చరిత్రకు ఆధారాలు ప్రధానంగా మూడు: శాఖా గ్రంథాలయాల ఇష్యూ రిజిస్టర్లు, పుస్తకాల చివరి పుటకు అతికించిన గడువు తేదీ చీటీలు, చదివినవారి జ్ఞాపకాలు. మూడింటికీ పరిమితులున్నాయి. రిజిస్టరులో ఉండే పేరు సభ్యత్వ కార్డు ఉన్నవారిది. ఆ కార్డు తరచు ఇంటి యజమానిది. పైన చెప్పిన లెక్కన అతడు బహుశా ఆ నవల తెరిచి కూడా ఉండడు. ఒక పురుషుని పేరు మీద వరుసగా నమోదైన యద్దనపూడి నవలలను చూసి పరిశోధకుడు పురుష పాఠకుల అభిరుచి గురించి సిద్ధాంతం కడితే తప్పుదారి పడతాడు. తేదీ చీటీకి పేర్లు లేవు గనుక ఆ ప్రమాదం లేదు: ఎన్ని చేతులు మారిందో, ఏ నెలలో ఎక్కువగా మారిందో అది చెబుతుంది. వేసవి సెలవుల్లో తేదీలు దగ్గరదగ్గరగా పడిన చీటీ కౌమార పాఠకుని గురించి ఏ రిజిస్టరూ చెప్పలేని విషయం చెప్పగలదు.

అద్దె దుకాణాలు మూతపడ్డాయి. వాటి లెక్కల పుస్తకాలు పాత కాగితాల్లో కలిశాయి. మిగిలింది శాఖా గ్రంథాలయాలే. అక్కడ కూడా చిరిగిన పుస్తకాన్ని తొలగించడం నియమం, అందరూ చదివిన పుస్తకమే ముందు చిరుగుతుంది. ఎవరూ ముట్టని గ్రంథాలు నిగనిగలాడుతూ భావి పరిశోధకుని కోసం ఎదురుచూస్తుంటే, ఊరంతా చదివిన నవల తూకానికి వెళుతున్నది. తొలగింపు పట్టికలో నమోదు చేసే ముందు ఆ నవల శీర్షిక పుటను, తేదీ చీటీని ఫోటో తీసి భద్రపరచడానికి ఒక్కో పుస్తకానికి నిమిషం చాలు. జిల్లా గ్రంథాలయ సంస్థలతో కలిసి తెలుగు శాఖల విద్యార్థులు వేసవిలో చేయగలిగిన పని ఇది.