పులి పేరు, పింజారి గొంతు

మన దగ్గర చరిత్రను పుస్తకాల కంటే ముందు పాటలే రాశాయి. బొబ్బిలి అందుకు సాక్ష్యం. 1757 జనవరి 24న జరిగిన యుద్ధాన్ని కథకులు పాట కట్టి ఊరూరా వినిపించారు. అందులో తాండ్ర పాపారాయుడు వీరుడు, విజయరామరాజు పగవాడు, బుస్సీ పరాయివాడు. బుస్సీ దివాను హైదర్‌జంగు కుట్రదారు. బొబ్బిలి అనగానే జనానికి గుర్తొచ్చే ముస్లిం ఆ ఒక్కడే. రెండు జమీందారీల తగవులో ఫ్రెంచివాడి ఫిరంగి పేలితే, మరక మాత్రం మా పేరుకి అంటుకుని మిగిలింది.

మరి ఊరి పేరు సంగతేమిటి? 17వ శతాబ్దంలో శ్రీకాకుళం ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ వెంట వచ్చిన పెద్దరాయుడు ఇక్కడ కోట కట్టాడు. ‘షేర్’ అంటే పులి. తనను ఆదుకున్న ఖాన్ మీది గౌరవంతో కోటకు ‘పెద్దపులి’ అని పేరు పెట్టాడనీ, అదే పెబ్బులి, బెబ్బులి, బొబ్బిలి అయిందనీ జమీందారీ చరిత్రలు చెబుతాయి. బొబ్బిలి పులి అని మీసం దువ్వేవాళ్ళలో ఎందరికి ఈ ఖాన్ తెలుసు?

పేరు సరే, పాట ఎవరిది? బొబ్బిలి యుద్ధాన్ని బుర్రకథగా లక్షలమందికి వినిపించినవాడు షేక్ నాజర్. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన దూదేకుల బిడ్డ. ప్రజానాట్యమండలిలో ఎదిగాడు. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో కన్నుమూశాడు. ఆయన ఆత్మకథ పేరు ‘పింజారి’. దూది ఏకే మనిషిని చిన్నబుచ్చడానికి లోకం వాడే మాట అది. ఆ మాటనే పుస్తకం మీదికెక్కించాడు. పాపారాయుడి రోషాన్ని తన గొంతులో పలికించిన మనిషిని పరాయివాడనడానికి ఎవరికి నోరొస్తుంది?

ఇప్పుడా పాటకే నిలువ నీడ కరువైంది. ఒకప్పుడు తిరునాళ్ళలో రాత్రంతా నడిచిన బుర్రకథ, టీవీ వచ్చాక సర్కారు పథకాల ప్రచారానికి పరిమితమవుతూ వచ్చింది. బొబ్బిలి వీణదీ అదే గతి. పక్కనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలు ఒకే పనస దుంగను తొలిచి ఏకాండి వీణ చేస్తాయి. 24 మెట్లు, 7 తీగలు. జమీందారీలు పోయాక కోట కొనడం మానేసింది. మంచి పనస కర్ర దొరకడం కష్టమైంది. 2011లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా ఆ పనివాళ్ళ పొయ్యి వెలిగించేది ఎక్కువగా సన్మానాల్లో చేతికిచ్చే బొమ్మ వీణలే. వాయించే వీణ అద్దాల పెట్టెలో అలంకారమైంది.

పాట బతికున్నంతకాలం పాడేవాడు దాన్ని మార్చగలడు. నాజర్ లాంటివాడు పాత కథలో కొత్త ప్రశ్న పెట్టగలడు. బుర్రకథలో రాజకీయ వంత ఉన్నదే అందుకు. పాడేవాళ్ళు లేకపోతే మిగిలేది సినిమా రీలు. అందులో మాకు హైదర్‌జంగు వేషం ఖాయం.

అందుకే బొబ్బిలి పాట బతకడం మాకు అవసరం. వీణ చెక్కేవాడికి కూలి గిట్టాలి, కథ చెప్పేవాడికి పందిరి దొరకాలి. ఆ పందిట్లో కోట కట్టిన ఘట్టం వచ్చినప్పుడు షేర్ ఖాన్ పేరు వినిపించాలి. ఆ చరణం కట్టే బాధ్యత మాది. వంత పాడమని మిమ్మల్ని పిలుస్తున్నాం.