ఓడలో పిల్లల గది: ఒక చిన్న చరిత్ర

మొన్న ఆఫీసులో ఒక కుర్రాడు అడిగాడు. "అన్నా, సెలవులకి క్రూజ్ వెళ్దామనుకుంటున్నాం. పాపకి రెండేళ్ళ పదినెలలు. చిన్నపిల్లలకి ప్రోగ్రాములు ఏ కంపెనీలో బావుంటాయి?"

అడగాల్సిన మనిషినే అడిగాడు. ఎందుకంటే ఈ విషయంలో నేనొకసారి బాగా దెబ్బతిన్నాను. పేరెందుకు గానీ, ఒక కంపెనీ ఓడలో అయిదు రోజులు బుక్ చేశాను. బ్రోషర్లో జారుడుబల్లలు, రంగులు పూసుకున్న పిల్లలు, నవ్వుతున్న ఆయాలు. మొదటిరోజు మావాణ్ణి ఎత్తుకుని ఆ గదికి వెళ్తే తలుపు దగ్గరున్న అమ్మాయి రెండే ప్రశ్నలడిగింది. మూడేళ్ళు నిండాయా? డైపర్ మానేశాడా? మావాడికి మూడు నిండటానికి ఇంకా ఆరు వారాలుంది. డైపర్ సంగతి చెప్పక్కర్లేదు. ఆ అయిదు రోజులూ వాడు గాజు తలుపుకి ముక్కు ఆనించి లోపలి పిల్లల్ని చూడటం, నేనూ మా ఆవిడా షిఫ్టులేసుకుని వాణ్ణి అక్కణ్ణుంచి లాక్కురావటం. తప్పు నాదే లెండి. రిక్వైర్‌మెంట్స్ చదవకుండా కోడ్ రాస్తే ఏమవుతుందో అదే అయింది.

తిరిగొచ్చాక ఉక్రోషంతో తవ్వడం మొదలెట్టాను. అసలు ఓడలో పిల్లల గది ఎప్పుడొచ్చింది, ఎవరికోసం వచ్చింది అని. తేలిందేమిటంటే, ఆ గది రెండు వేర్వేరు కారణాలతో పుట్టింది. ఒకటి, పిల్లల్ని పెద్దల కళ్ళ ముందునుంచి తప్పించడం. రెండోది, పిల్లల్ని చూపించి పెద్దల్ని ఓడెక్కించడం. ఈ రెండిటి తేడా తెలిస్తే ఏ ఓడ ఎక్కాలో సగం తెలిసినట్టే.

సరదా కోసం ఓడ ప్రయాణం అనే ఆలోచనని పెద్ద వ్యాపారం చేసినవాడు ఆల్బర్ట్ బాలిన్, హాంబర్గ్-అమెరికా లైన్ పెద్ద. చలికాలంలో అట్లాంటిక్ మీద బేరం ఉండదు, ఓడలు ఖాళీ. అందుకని 1891 జనవరిలో ఆగస్టా విక్టోరియా అనే ఓడని 241 మందితో మధ్యధరా సముద్రం తిప్పడానికి పంపాడు. సుమారు రెండు నెలల యాత్ర. డబ్బున్న పెద్దల వినోదం అది.

టైటానిక్ సంగతి చూడండి (1912). మొదటి తరగతి వాళ్ళకి ఈతకొలను, వ్యాయామశాల, టర్కిష్ స్నానాలు అన్నీ ఉన్నాయి. మరి పిల్లలకి? వ్యాయామశాలలో మధ్యాహ్నం 1 నుంచి 3 దాకా వాళ్ళ టైమ్. అదే అప్పటి 'కిడ్స్ ప్రోగ్రామ్', అది కూడా మొదటి తరగతి పిల్లలకే. ఆ ఓడ మునిగాక బ్రిటిష్ విచారణ సంఘం వేసిన లెక్కలో రెండో తరగతి పిల్లలు 24 మంది, అందరూ బతికారు. మూడో తరగతి పిల్లలు 79 మంది, బతికింది 27 మంది. ఓడలో పిల్లల చరిత్ర రాయాలంటే ఆటబొమ్మలకంటే ముందు ఈ లెక్క రాయాలి.

మనవాళ్ళ అనుభవం కూడా ఆ మూడో తరగతి లాంటిదే. కాకినాడ, విశాఖల నుంచి రంగూన్‌కి స్టీమర్లు నడిచిన కాలంలో ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల జనం "రంగం వెళ్ళడం" అంటే డెక్ మీద చాపేసుకుని వెళ్ళడమే. కోరంగి రేవు పేరుమీద బర్మాలో తెలుగువాళ్ళని 'కోరంగీలు' అనేవారు. ఆ డెక్ మీద చంటిపిల్లకి ప్రోగ్రామ్ అంటే తల్లి ఒడే.

తర్వాత 1935లో ఫ్రెంచివాళ్ళ నార్మాండీ వచ్చింది. అందులో మొదటి తరగతి పిల్లలకి ప్రత్యేకంగా భోజనశాల కట్టి, గోడలనిండా బాబర్ ఏనుగు బొమ్మలు వేయించారు. ఆ మరుసటేడు బయల్దేరిన క్వీన్ మేరీలో కూడా ఆటగదులున్నాయి. చూడ్డానికి ఎంత ముద్దుగా ఉన్నా, పిల్లల భోజనం విడిగా ఎందుకు? పెద్దలు సూట్లూ గౌన్లూ వేసుకుని తినే చోట ఎవరూ అన్నం పారబోయకుండా. మొదటి కారణం ఇదన్నమాట.

1958 అక్టోబర్‌లో అట్లాంటిక్ మీద జెట్ విమానాలు మొదలయ్యాయి. అయిదు రోజుల ప్రయాణం కొన్ని గంటలకి దిగిపోయింది. ఓడల వ్యాపారం కూలింది. పాత ఓడల్ని చవగ్గా కొని విహారానికి తిప్పేవాళ్ళు పుట్టుకొచ్చారు. టెడ్ ఆరిసన్ 1972లో కార్నివాల్ పెట్టింది అలాంటి ఓడతోనే. దాని మొదటి ప్రయాణంలోనే మయామీ దగ్గర ఇసుకలో కూరుకుపోయింది (మన మొదటి రిలీజ్ లాగా!). ఇలాంటి కంపెనీలకి డబ్బున్న ముసలివాళ్ళు ఒక్కళ్ళే చాలరు. మధ్యతరగతి కుటుంబాలు రావాలి. కుటుంబం అంటే పిల్లలు.

ఆ సంగతి ముందు పసిగట్టింది ప్రీమియర్ క్రూజ్ లైన్. 1980ల మధ్యలో డిస్నీతో ఒప్పందం చేసుకుని, ఎర్రరంగు పూసిన ఓడల్లో మిక్కీ మౌస్‌ని ఎక్కించి, ఫ్లోరిడాలో నాలుగు రోజులు పార్కు, మూడు రోజులు సముద్రం అని ప్యాకేజీలు అమ్మింది. ఓడలు మాత్రం పాతవే. పాత అప్లికేషన్‌కి కొత్త స్క్రీన్ తగిలించినట్టు. ఆ పొత్తు 1990లలో తెగింది, కంపెనీ 2000లో మూతబడింది.

ఈలోగా డిస్నీ సొంతంగా దిగింది. 1998 జులైలో డిస్నీ మ్యాజిక్ బయల్దేరింది. తమాషా ఏమిటంటే బయట్నుంచి అది అచ్చం పాతకాలం అట్లాంటిక్ ఓడలాగే ఉంటుంది, ముదురు నీలం ఒళ్ళు, ఎర్రటి గొట్టాలు. లోపల మాత్రం దాదాపు ఒక డెక్ మొత్తం పిల్లలకి వదిలేశారు. పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని గీసిన ప్లాన్ అది. రెండో కారణం పూర్తిగా ఓడరూపం దాల్చింది ఇక్కడే. దాన్ని చూసి మిగతా కంపెనీలూ పిల్లల కోసం చోటు పెంచాల్సొచ్చింది.

ఇంతవరకూ కథ సుఖాంతమే. కానీ మూడో రోజు మావాణ్ణి కొలను దగ్గరకి తీసుకెళ్ళినప్పుడు ఒక చిన్న బోర్డు చూశాను. "ఇక్కడ లైఫ్‌గార్డ్ లేరు." వందలమంది పిల్లల్ని ఎక్కించుకున్న ఓడ, ఆడించడానికి పదిమంది, నీళ్ళ దగ్గర ఒక్కరూ లేరు! ఈ వ్యాపారంలో చాలాకాలం అదే మామూలు. 2013లో ఒక డిస్నీ ఓడ కొలనులో నాలుగేళ్ళ బాబు మునిగి తీవ్రంగా దెబ్బతిన్నాడు. ఆ తర్వాతే డిస్నీ లైఫ్‌గార్డుల్ని పెట్టింది. రాయల్ కరీబియన్, నార్వీజియన్ 2017 దాకా ఆగాయి. బాబర్ బొమ్మ వేసినప్పట్నుంచి కొలను దగ్గర ఒక మనిషిని నిలబెట్టేదాకా సుమారు ఎనభై ఏళ్ళు పట్టింది. బొమ్మ బ్రోషర్లో కనిపిస్తుంది, కాపలా మనిషి కనిపించడు. అందుకే అంత ఆలస్యం అని నా అభిప్రాయం.

కాబట్టి మా కుర్రాడికి చెప్పింది ఇది. ముందు వయసు చూడు. డిస్నీ, రాయల్ కరీబియన్ మామూలు క్లబ్బులకి మూడేళ్ళు నిండాలి, డైపర్ మానాలి. అంతకంటే చిన్నవాళ్ళకి ఆరు నెలల నుంచి నర్సరీ ఉంటుంది గానీ గంటల లెక్కన డబ్బు కట్టాలి, చోట్లు త్వరగా అయిపోతాయి. రాయల్‌లో నర్సరీ అన్ని ఓడల్లోనూ ఉండదు. కార్నివాల్ అయితే రెండేళ్ళకే తీసుకుంటుంది, డైపర్ కూడా మారుస్తుంది. మీ పాపకి అదే సరిపోవచ్చు. కానీ కొలను దగ్గర కాపలా కాయాల్సింది నువ్వే. తర్వాత కంపెనీ పేరు కాదు, ఆ ఓడ ఏ ఏడాది కట్టింది, పిల్లల గది ప్లాన్లోనే ఉందా లేక ఏదో మూల తర్వాత ఇరికించారా అని చూడు. ఎక్కగానే పాప సైజు లైఫ్ జాకెట్ అడిగి తీసుకో. క్లబ్బులో ఉండగా సైరన్ మోగితే పాప చేతికి కట్టిన పట్టీ మీదున్న చోటుకే సిబ్బంది తీసుకొస్తారు. ఆ చోటు ఎక్కడో మొదటిరోజే నడిచి చూసుకో.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అనుకోకండి. 2022 జూన్‌లో ఎంప్రెస్ అనే విహార ఓడ విశాఖ వచ్చింది. 1990లో నార్డిక్ ఎంప్రెస్ పేరుతో పుట్టిన ఓడే అది. 2023 సెప్టెంబర్‌లో విశాఖలో క్రూజ్ టెర్మినల్ కూడా ప్రారంభించారు. రంగం స్టీమరెక్కిన వాళ్ళ మునిమనవలు అదే తీరం నుంచి సరదాకి ఓడెక్కుతున్నారంటే సంతోషమే. చాప పోయి ఆటగది వచ్చింది.

ఎక్కేముందు మాత్రం ఆ చిన్న బోర్డు ఉందో లేదో అడగండి. నేను అడగలేదు.