మందువేరు నుంచి మెడికల్ సీటు దాకా

పెన్నకు ఉత్తరపు ఒడ్డున ఉన్న మన కోవూరు ప్రాంతంలో వేరు, ఆకు, బెరడు తెలిసిన యానాది పెద్దలు జ్వరానికీ పాముకాటుకీ మందిచ్చేవారు. అదే కాలంలో తెల్లదొరల ‘నేరస్థ తెగల’ చట్టం మనవాళ్లలో ఎందరినో దొంగలుగా లెక్కగట్టింది. అది 1952 నాటికి దేశమంతటా రద్దయింది. తర్వాత బడి తలుపు తెరుచుకుంది, ఎస్టీలకు 6 శాతం రిజర్వేషన్ వచ్చింది.

డాక్టరు చదువుకు దారి మాత్రం మారుతూ వచ్చింది. 1986లో ఎంసెట్ మొదలైంది. కొన్నేళ్లు అందులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. 2017 నుంచి మన రాష్ట్రంలో ఎంబీబీఎస్ సీటుకు నీట్ ర్యాంకే ఆధారం. అలాగని ఇంటర్‌ను తేలిగ్గా తీసుకోకూడదు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీతో ఇంటర్ పాసవ్వాలి. లేకుంటే ర్యాంకు ఉన్నా సీటు లేదు.

నెల్లూరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2014లో వచ్చింది. మనకు ఏరు దాటితే చాలు. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, పది కాగానే ఏ గ్రూపు దొరికితే అందులో చేరకండి. డాక్టరు కావాలనుంటే బైపీసీ అడిగి తీసుకోండి. కుల ధ్రువపత్రం లేనివారు ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. అది లేక ఆగిపోయిన చదువులు మన కాలనీల్లో చాలా ఉన్నాయి.