చేతిలో పీసీ, మధ్యలో దుబాసీ

స్టీమ్ డెక్ గురించి ఎవరు మాట్లాడినా దాని స్క్రీనూ, బ్యాటరీ, ప్రాసెసరూ అంటూ మొదలెడతారు. నన్నడిగితే అందులో అసలు విశేషం హార్డువేరు కాదు. అందులో నడిచే ఆపరేటింగ్ సిస్టం లినక్సు. దానిమీద జనం ఆడే గేములు చాలామటుకు విండోస్ కోసం రాసినవి. ఈ ఎడ్డెం తెడ్డెం సంసారం ఎలా కుదిరిందన్నదే ఈ కథ. మొదలైంది 2022లో కాదు, 1993లో.

ముందుగా ఒక మాట. చేతిలో పట్టే పీసీ కొత్త ఊహేమీ కాదు. 2004లో ఓక్యూఓ అనే కంపెనీ అలాంటిదొకటి తెచ్చింది. 2006లో మైక్రోసాఫ్ట్ 'ఒరిగామి' అని ఊరించి ఊరించి యూఎంపీసీలని దింపింది. 2016లో చైనా కంపెనీ జీపీడీ, గేమ్ బటన్లతో సహా 'జీపీడీ విన్' చేసింది. వీటిలో నడిచింది విండోసే. మౌసు కోసం పుట్టిన మెనూలని అయిదు నుంచి ఏడు అంగుళాల తెరమీద వేలితో పొడుచుకోవడం ఎంత ఇబ్బందో చెప్పక్కర్లేదు.

ఇక 1993కి వద్దాం. విండోస్ 3.1 ప్రోగ్రాములని లినక్సులో నడపాలని బాబ్ ఆమ్‌స్టాట్, ఎరిక్ యంగ్‌డేల్ కలిసి 'వైన్' మొదలెట్టారు. 1994 నుంచి అలెగ్జాండర్ జూలియార్డ్ దాని బాధ్యత తీసుకున్నాడు. వెర్షన్ 1.0 ఎప్పుడొచ్చిందో తెలుసా? 2008 జూన్‌లో. పదిహేనేళ్ళు! ఈ ఎస్టిమేటు మన మేనేజరుకి ఇచ్చి చూడండి, ఏమంటాడో.

వైన్ ఎమ్యులేటర్ కాదు. ప్రాసెసర్ రెండుచోట్లా ఒకటే కాబట్టి ఎక్స్ఈలోని ఇన్‌స్ట్రక్షన్లు ఉన్నవున్నట్టే నడుస్తాయి. ప్రోగ్రాము "ఫైలు తెరువు, విండో గియ్యి" అని విండోస్‌ని అడిగినప్పుడు మాత్రం వైన్ మధ్యలో నిలబడి, ఆ పనిని లినక్సు చేత చేయించి పెడుతుంది. కుంపిణీ రోజుల్లో చెన్నపట్నంలో దుబాసీలు చేసిన పనే ఇది. చిక్కేమిటంటే ఈ దుబాసీకి అవతలివాడి నిఘంటువు ఎవరూ ఇవ్వలేదు. మైక్రోసాఫ్ట్ సోర్సుకోడు చూడకుండా, ప్రతి ఫంక్షనూ బయటినుంచి ఎలా ప్రవర్తిస్తుందో పరీక్షించి, దాని తప్పులతో సహా మళ్ళీ రాయాలి. తప్పులు వదిలేస్తే కుదరదు, వాటిమీద ఆధారపడ్డ ప్రోగ్రాములు బోలెడు!

ఇప్పుడు వాల్వ్ రంగప్రవేశం. దీని అధినేత గేబ్ న్యూవెల్ మైక్రోసాఫ్ట్‌లో పదమూడేళ్ళు పనిచేసి, 1996లో సొంత కంపెనీ పెట్టినవాడు. 2012లో విండోస్ 8 సొంత స్టోరుతో వస్తుంటే అది పెద్ద ఉపద్రవం అన్నాడు. మరి అనడూ? అద్దెకొట్లో వ్యాపారం చేసుకుంటున్నవాడి పక్కగదిలో ఇంటి ఓనరే అదే కొట్టు తెరిస్తే కడుపులో దడ పుట్టదా? 2013లో స్టీమ్‌ని లినక్సుకి తెచ్చారు. 2015 నవంబరులో స్టీమ్ మెషీన్లు వచ్చాయి, బోల్తాపడ్డాయి. కారణం సింపులు. గేములు లేవు. కొనేవాళ్ళు లేని చోటికి గేముని పోర్ట్ చేయడానికి ఏ కంపెనీ డబ్బు పెడుతుంది?

ఈ పీటముడి విప్పడంలో పెద్ద చెయ్యి ఫిలిప్ రెబోలేది. లినక్సులో 'నియర్ ఆటోమేటా' ఆడాలన్న కోరికతో, డైరెక్ట్3డీ పిలుపులని వల్కన్‌లోకి మార్చే డీఎక్స్‌వీకే రాయడం మొదలెట్టాడు. 2018లో వాల్వ్ అతన్ని పనికి పెట్టుకుంది. అదే ఏడాది ఆగస్టులో వైన్, డీఎక్స్‌వీకే వగైరాలన్నీ కలిపి 'ప్రోటాన్' విడుదల చేసింది. అప్పట్నుంచి పోర్ట్ చెయ్యమని గేము రాసినవాళ్ళ గడ్డం పట్టుకోవాల్సిన పని తప్పింది.

2022 ఫిబ్రవరి 28న 399 డాలర్ల నుంచి మొదలయ్యే స్టీమ్ డెక్ బయటికొచ్చేసరికి గేములు సిద్ధంగా ఉన్నాయి. అంతకు మూడ్రోజుల ముందే వచ్చిన 'ఎల్డెన్ రింగ్' విండోస్ పీసీలమీద ఆగి ఆగి నడుస్తుంటే, ఆ కుదుపుని వాల్వ్ ఇంజనీర్లు ప్రోటాన్‌లోనే చాలావరకు తగ్గించారు. అసలు గేము కోడు ముట్టుకోకుండా!

అంతా పూలపాన్పేం కాదు. కొన్ని యాంటీచీట్ ప్రోగ్రాములు విండోస్ కెర్నెల్ లోపలికే దిగుతాయి. అక్కడికి మన దుబాసీ వెళ్ళలేడు. 'ఏపెక్స్ లెజెండ్స్' డెక్ మీద చక్కగా ఆడుతుండేది. చీటింగ్ ఎక్కువైందని 2024లో లినక్సు వాళ్ళందరికీ తలుపు మూసేశారు. ఇష్టపడి ఆడుకుంటున్న ఆట రాత్రికి రాత్రి ఆడనీయకుండా పోతే అడిగే దిక్కు లేదు. ఇంకోటి, ప్రోటాన్ ఇంత బాగా పనిచేస్తుంటే లినక్సు కోసం విడిగా గేము రాయాలని ఎవరికుంటుంది? అంటే భాష ఇంకా మైక్రోసాఫ్ట్‌దే. ఓనరుకి అద్దె కట్టడం మానేశారు గానీ, ఇంటి ప్లాను మాత్రం ఆయన గీసిందే.

అయినా 2025లో లెనోవో తన లీజియన్ గో ఎస్‌ని స్టీమ్‌ఓఎస్‌తో అమ్మింది. అదే ఏడాది అక్టోబరులో ఎక్స్‌బాక్స్ పేరుతో వచ్చిన ఎసుస్ ఎల్లైలో మైక్రోసాఫ్ట్ తన డెస్క్‌టాప్‌ని తనే పక్కకి తప్పించి, నేరుగా గేముల తెర చూపించింది. పోటీ లేకపోతే ఆ బుద్ధి పుట్టేదని నేననుకోను.

సపోర్టు ప్రాజెక్టులో పడ్డామని మొహం వేలాడేసుకునే మిత్రులు మనలో చాలామంది. పాత ఫంక్షన్ల పాత బగ్గుల్ని ఓపిగ్గా సరిచూస్తూ ముప్పై ఏళ్ళు కూర్చున్నవాళ్ళు లేకపోతే, ఈ డబ్బాలో నడవడానికి గేములేవీ?