తుపాకి కొయ్య – చెక్కిన చెయ్యి

ఆయుధాల చరిత్ర రాసేవాళ్ళు గొట్టం గురించి, మందు గురించి, గురి గురించి విస్తారంగా రాస్తారు. వాటన్నిటినీ ఒక్కటిగా పట్టి ఉంచే కొయ్యని రెండు వాక్యాల్లో దాటేస్తారు. మూతి నుంచి మందు కూరే పాతకాలపు రైఫిల్‌లో ఎంతో శ్రమని తనలో దాచుకున్నది ఆ కొయ్యే. ఆ శ్రమ ఎలాంటిది? చేసినవాడి చేతుల్లోంచి అది ఎలా జారిపోయింది? అందులో సాహిత్యం పాత్ర ఎంత?

18వ శతాబ్దం మొదటి సగంలో జర్మనీ, స్విట్జర్లాండ్‌ల నుంచి వలస వచ్చిన పనివాళ్ళు అమెరికాలోని పెన్సిల్వేనియాలో, ముఖ్యంగా లాంకాస్టర్ ప్రాంతంలో స్థిరపడ్డారు. యేగర్ అనే పొట్టి వేట రైఫిల్ చెయ్యడం వాళ్ళు వెంట తెచ్చుకున్న విద్య. అడవి అంచున బతికేవాళ్ళకి సీసమూ మందూ ప్రియం. క్రమంగా గొట్టం 40 అంగుళాలు దాటింది, రంధ్రం సన్నబడింది, కొయ్య మూతి దాకా సాగింది. యూరపులో వాడే అక్రోటు కొయ్య స్థానంలో అలలలాంటి చారలు తేలే మేపుల్ వచ్చింది.

పలకని ముందు బాగా ఆరనివ్వాలి. పచ్చికొయ్య తర్వాత వంకర తిరుగుతుంది. చెయ్యి పట్టుకునేచోట కొయ్య సన్నగా ఉంటుంది. అక్కడ నార అడ్డం పడితే ఎదురుదెబ్బకి విరుగుతుంది. నార నడక చూసుకునే పనివాడు గీత గీస్తాడు. గొట్టానికి ఎనిమిది పలకలు. దానికి మసి పూసి, గాడిలో అదిమి తీస్తే తగిలిన చోటల్లా నల్లమచ్చ పడుతుంది. ఆ మచ్చనే ఉలితో సన్నగా లేపాలి. మళ్ళీ మసి, మళ్ళీ అదుము, మళ్ళీ ఉలి – ఇనుమూ కొయ్యా వెంట్రుక సందు లేకుండా కలిసేదాకా. గాడి కింద కూరుడు కడ్డీకి పొడుగాటి రంధ్రం తొలవాలి. బరమా కాస్త పక్కకి నడిస్తే అప్పటిదాకా చేసిన పనంతా వృథా. చెకుముకి యంత్రాన్ని నిప్పురంధ్రానికి ఎదురుపడేట్టు పొదగాలి. ఆఖరున, ఇనుము కరిగించిన నత్రికామ్లం పూసి సెగ చూపిస్తే చారలు పైకి తేలుతాయి. దానిపైన అవిసె నూనె. వీటిలో చాలా పనులకి కొలబద్ద పనివాడి కన్నూ వేళ్ళూ మాత్రమే.

ఈ పనితనాన్ని చూసి పాత కార్ఖానాని స్వర్గం చేసుకోనక్కరలేదు. గొట్టం మీద పేరు చెక్కితే యజమాని పేరే. ఒప్పందానికి కట్టుబడి ఏళ్ళకేళ్ళు పనిచేసిన కుర్రాడి పేరు ఉండేది కాదు. అంత అందంగా చెక్కిన రైఫిల్ ఆదివాసుల నేలని ఆక్రమించినవాళ్ళ భుజాలమీద కూడా నడిచింది. అందం, హింస ఒకే కొయ్యలో ఇమిడి ఉన్నాయి.

ఇక పాట సంగతి. 1815 జనవరి 8న న్యూ ఆర్లీన్స్ దగ్గర ఆండ్రూ జాక్సన్ సేన ఇంగ్లీషు సేనని ఓడించింది. ఆ విజయంలో ఫిరంగుల పాలు పెద్దది. అయితే 1820లలో శామ్యూల్ వుడ్‌వర్త్ పాట ‘కెంటకీ వేటగాళ్ళు’ ఆ కీర్తిని కెంటకీ రైఫిల్‌కి కట్టబెట్టింది. 1828లో జాక్సన్ ఎన్నికల ప్రచారానికీ ఆ పాట ఉపయోగపడింది. ప్రధానంగా పెన్సిల్వేనియాలో రూపు దిద్దుకున్న వస్తువుకి కెంటకీ పేరు స్థిరపడిపోయింది. పట్టినవాడి ఊరు పాటకెక్కింది. చేసినవాడి ఊరు చెరిగిపోయింది.

పేరు పోతున్న ఆ కాలంలోనే పనీ పోసాగింది. 1819లో మసాచుసెట్స్‌కి చెందిన థామస్ బ్లాంచార్డ్ వంకర ఆకారాలు చెక్కే తరిమెనకి పేటెంటు పొందాడు. ఒకవైపు నమూనా, మరోవైపు ముడికొయ్య కలిసి తిరుగుతాయి. నమూనామీద ఒక చక్రం పాకుతుంది, దాని కదలికనే అనుసరిస్తూ రెండో చక్రం కొయ్యని కోస్తుంది. స్ప్రింగ్‌ఫీల్డ్ ప్రభుత్వ ఆయుధశాలలో ఆయన 1820ల మధ్యకి కొయ్య పనికోసం 14 యంత్రాలు నిలబెట్టాడు. నమూనా రూపం తరతరాల చేతిపని పోగుచేసిందే. పనివాడి నైపుణ్యం యంత్రంలోకి వెళ్ళి కూర్చుంది; పనివాడు బయట నిలబడ్డాడు. యంత్రం దోషి కాదు, అది కూడా మానవ మేధ ఫలితమే. అది ఎవరి ఆస్తి అన్నదే ప్రశ్న.

1854లో బ్రిటిషు బృందం అమెరికా వెళ్ళి అలాంటి యంత్రాలు కొని ఎన్‌ఫీల్డ్ కర్మాగారానికి తెచ్చింది. అక్కడ వాటితో చేసింది 1853 నమూనా రైఫిల్; అదీ మూతి నుంచి కూరేదే. 1857లో మన సిపాయిలు నిరాకరించిన కొవ్వు తూటాలు ఆ నమూనా రైఫిల్ కోసం చేసినవే. ఆ విధంగా ఈ కొయ్య చరిత్ర మన చరిత్రని తాకింది.

రచయితలకి ఇందులో పాఠం ఉంది. వుడ్‌వర్త్ అబద్ధం చెప్పాలని కూర్చుని ఉండకపోవచ్చు. వీరుణ్ణి చూసిన కన్ను పనివాణ్ణి చూడలేదు, అంతే. 1946–51 తెలంగాణ సాయుధ పోరాటంలో భర్మార్ పట్టిన రైతు మన సాహిత్యంలో నిలిచాడు, నిలవాల్సిందే. ఆ భర్మార్ కొయ్యని చెక్కిన వడ్రంగి మన కథల్లో ఎక్కడున్నాడు? సాహిత్య విద్యార్థులు ఈ ప్రశ్నతో మన పుస్తకాలు మరోసారి తిరగెయ్యాలి. ఆ చెయ్యి కనపడనంతకాలం మన వీరగాథ సగం చరిత్రే.