రెండోసారి తెగని పగ్గం

1897 జూన్‌లో ఒకరోజు, ఇంగ్లండ్‌లోని కెంట్ కౌంటీలో, ఐన్స్‌ఫర్డ్ దగ్గరి కొండవాలు మీద ఒక యువకుడు వెదురు రెక్కల మధ్య చేతులు దూర్చి గాలి కోసం నిలబడ్డాడు. పేరు పెర్సీ పిల్చర్. వయసు ముప్ఫై. అతని ముందు నుంచి ఒక సన్నటి తాడు, చేపలు పట్టడానికి వాడేలాంటిది, లోయలోకి సాగి ఉంది. ఆ చివర కప్పీలు, కప్పీల తాడు పట్టుకుని కుర్రాళ్లు. సైగ చేయగానే కుర్రాళ్లు పరుగెత్తారు, తాడు బిగిసింది, అతని కాళ్లు నేల విడిచాయి. లోయ మీదుగా దాదాపు 250 గజాలు పోయి దిగాడు.

ఆ కప్పీల దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది నాకు. పదేళ్లు నిండేసరికే తల్లీ తండ్రీ పోయిన పిల్లవాడు పిల్చర్. పదమూడో ఏట నౌకాదళంలో చేరాడు. కప్పీల వరసలో తాడు దూర్చితే ఏమవుతుందో అక్కడ పిల్లలకు కూడా తెలుసు: చాలా తాడు లాగితే పెద్ద బరువు కొంచెం లేస్తుంది. పిల్చర్ దాన్ని తిరగేశాడు. లాగేవాళ్లు కొంచెం పరుగెత్తితే గ్లైడర్ వైపు తాడు దానికి కొన్ని రెట్ల వేగంతో పోవాలి. మనిషి పరుగు రెక్కలకు చాలదు మరి. బలం ఎక్కువ పెట్టి వేగం కొనుక్కోవడమన్నమాట. ఓడ మీది పాత సామాను, గాలిలోకి ఒక కొత్త దారి. ఇంతకన్నా అందమైన పనితనం నేను ఎక్కువ చూడలేదు.

తాడు అవసరం ఎందుకొచ్చిందంటే, అప్పటిదాకా ఎగరాలంటే కొండ కావాలి. గాలి ఆ కొండకు ఎదురుగా వీయాలి. బెర్లిన్ దగ్గర గ్లైడర్లు కట్టి ఎగిరే ఒట్టో లిలియంతాల్ ఏ దిక్కు గాలికైనా పనికొచ్చేలా ఏకంగా ఒక మట్టిదిబ్బే పోయించుకున్నాడు. పిల్చర్ అతని దగ్గరికి వెళ్లాడు, అతని గ్లైడర్ల మీద ఎగిరాడు, నేర్చుకున్నాడు. దిబ్బ పోయించుకునే స్తోమత పిల్చర్‌కు లేదు. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఓడల నిర్మాణశాస్త్రం బోధించే చిన్న ఉద్యోగం. అక్క ఎల్లా గుడ్డ కుట్టి పెడితే, తను వెదురు వంచి చట్రం కట్టేవాడు. 1895లో అలా పుట్టిన మొదటి గ్లైడర్ 'బ్యాట్'. దానికి వెనక అడ్డతోక అక్కర్లేదనుకున్నాడు. తోక లేకుండా కుదరదని లిలియంతాల్ చెప్పాడు. ఎగిరి చూశాక పిల్చర్‌కూ అదే తేలింది, పెట్టుకున్నాడు. ఈ తోక సంగతి మళ్లీ వస్తుంది.

1896 ఆగస్టులో లిలియంతాల్ గ్లైడర్ కూలి చనిపోయాడు. గురువు పోయిన ఏడాదే పిల్చర్ తన మేలైన గ్లైడర్ 'హాక్' తయారుచేశాడు. వెదురు చట్రం, బిగుతుగా లాగిన గుడ్డ, నేల మీద దొర్లడానికి చక్రాలు. తాడుతో ఎన్నోసార్లు లేచాడు, దిగాడు. అయితే తాడుతోనే ఆగిపోవాలని అతనికి లేదు. వాల్టర్ విల్సన్ అనే ఇంజనీరుతో కలిసి కంపెనీ పెట్టి, నాలుగు అశ్వశక్తుల చిన్న ఇంజను కట్టాడు. దాన్ని మోయడానికి మూడంతస్తుల రెక్కలతో కొత్త యంత్రం.

1899 సెప్టెంబరు 30న స్టాన్‌ఫర్డ్ హాల్ అనే జమీందారీ భవనం ముందు, డబ్బు పెట్టగల పెద్దల ఎదుట ఆ యంత్రాన్ని ఎగరేయాలని ఏర్పాటు. కొద్ది రోజుల ముందు ఇంజను క్రాంక్‌షాఫ్ట్ విరిగింది. ఆ రోజు వాన, ఈదురుగాలి. అయినా అతిథులు వచ్చారు. వచ్చినవాళ్లను ఉత్తచేతులతో పంపడం అతనికి ఇష్టం లేకపోయింది. నాలుగు గంటల వేళకు వాన కాస్త తెరిపిచ్చింది. హాక్‌నైనా ఎగిరి చూపిస్తానన్నాడు. గుడ్డ తడిసి బరువెక్కి ఉంది. అక్కడ కొండ లేదు, చదును నేల. పగ్గం లాగడానికి గుర్రాలను కట్టారు.

మొదటిసారి లేచాడు. పగ్గం తెగింది. మెల్లగా, క్షేమంగా నేలకు దిగాడు.

ఇక్కడే నా మనసు ఆగిపోతుంది. ఇవాళ వించితో, అంటే తాడు చుట్టి లాగే యంత్రంతో, గ్లైడర్లను లేపే ప్రతిచోటా కేబుల్‌కు కావాలనే ఒక బలహీనమైన ముక్క తగిలిస్తారు. లాగుడు మితి మీరితే రెక్కకు దెబ్బ తగలకముందే ఆ ముక్క తెగాలి. తెగడమే దాని ఉద్యోగం. ఆ సాయంత్రం పగ్గం తెగినప్పుడు అందరికీ అది ఆటంకంలాగే కనిపించి ఉంటుంది. తాడు మళ్లీ కట్టారు.

రెండోసారి పగ్గం నిలిచింది. గుర్రాలు సాగాయి, హాక్ ముప్ఫై అడుగుల ఎత్తుకు లేచింది. అప్పుడు తోకలో వెదురు బద్ద పుటుక్కున విరిగింది. ఒకప్పుడు వద్దనుకుని, తర్వాత నమ్మి కట్టుకున్న తోక. గ్లైడర్ తిరగబడి నేలకు కూలింది, పిల్చర్ దాని కింద ఉన్నాడు. స్పృహ రాలేదు. అక్టోబరు 2న ప్రాణం పోయింది. ముప్ఫై రెండేళ్లు. లండన్‌లోని బ్రాంప్టన్ శ్మశానంలో సమాధి చేశారు. రైట్ సోదరులు ఇంజనుతో ఎగరడానికి ఇంకా నాలుగేళ్లుంది.

విరిగిన హాక్‌ను తర్వాత బాగుచేశారు. ఇప్పుడది స్కాట్లండ్ జాతీయ మ్యూజియం సొత్తు. 2003లో క్రాన్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు పిల్చర్ ఆలోచనల ఆధారంగా ఆ మూడంతస్తుల యంత్రాన్ని, కొన్ని మార్పులతో, మళ్లీ కట్టి ఎగరేశారు. 1 నిమిషం 26 సెకన్లు గాలిలో నిలిచింది.

అసలుది మాత్రం ఒక్కసారీ ఎగరలేదు. ఆ సాయంత్రం, తడిసిన గడ్డి మీంచి జనం అతన్ని మోసుకుపోతున్నప్పుడు కూడా అది చెక్కుచెదరకుండానే ఉంది. దానికి గుర్రాలు అక్కర్లేదు, కప్పీలు అక్కర్లేదు, పగ్గం అక్కర్లేదు. ఒక్క క్రాంక్‌షాఫ్ట్ బాగుపడితే చాలు.