డిస్కు చేయి – వంతుల కథ

1956వ సంవత్సరం సెప్టెంబరులో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థ రామాక్ అనే కంప్యూటరును ప్రకటించింది. సమాచారాన్ని దాచడానికి అందులో అయస్కాంతపు పూత గల 50 పళ్ళేలు ఒకే ఇరుసు మీద నిమిషానికి 1200 చుట్లు తిరిగేవి. ఒక్కొక్క పళ్ళెం అడ్డుకొలత రెండడుగులు. మొత్తం మీద 50 లక్షల అక్షరాలు వాటిలో ఇమిడేవి. చదివే చేయి పైకీ క్రిందికీ కదిలి, కావలసిన పళ్ళెం చెంత ఆగి, లోపలికి జరిగేది. ఒక అంశాన్ని పట్టుకోవడానికి సగటున అర సెకనుకు పైగా పట్టేది.

1961లో వచ్చిన 1301 నమూనాలో పళ్ళేల నడుమ చేతులను దువ్వెన పళ్ళవలె అమర్చి, అన్నిటినీ ఒక్కసారిగా కదిలించారు. ఎక్కడం, దిగడం తప్పింది. వలయం నుండి వలయానికి జరగడం మాత్రం మిగిలింది. అదే కాలంలో ఒక కంప్యూటరును పలువురు ఒకేసారి వాడే పద్ధతి వచ్చింది. డిస్కు ముందు కోరికలు బారులు తీరాయి. ఎవరిది ముందు తీర్చాలి? ఈ తీర్పు ఆపరేటింగ్ సిస్టం మీద పడింది.

చేయి 50వ వలయం వద్ద ఉన్నదనుకుందాం. వరుసగా 95, 10, 60, 35 వలయాలకు కోరికలు వచ్చాయి. వచ్చిన వరుసలోనే తీరిస్తే చేయి 205 వలయాల దూరం నడవాలి. ఎప్పటికప్పుడు దగ్గరి దానికే వెళితే 60, 35, 10, 95 వరుసలో 145 వలయాలతో సరిపోతుంది. ఐతే అందరికంటె ముందు వచ్చిన 95 అందరికంటె వెనుక పడింది. దగ్గరలో కొత్త కోరికలు వస్తూనే ఉంటే, దాని వంతు ఎన్నటికీ రాకపోవచ్చు.

1967లో పీటర్ డెన్నింగ్ ఈ విషయాన్ని గణితంతో పరిశీలించాడు. చేయి లిఫ్టువలె ఒక దిక్కుగా పోతూ దారిలోని కోరికలన్నీ తీర్చి, ఆ పిమ్మట వెనుదిరగడం మేలని చూపాడు. పై ఉదాహరణలో 60, 95, 35, 10 వరుసలో 130 వలయాలే అవుతాయి. శ్రమా తగ్గింది, అంచున ఉన్నవారికీ వంతు దక్కింది.

ఇందులోనూ ఒక లోటున్నది. చేయి వెనుదిరిగిన చోట కోరికలు అప్పుడే తీరి ఉంటాయి. ఎక్కువసేపు వేచినవి ఆవలి కొసన ఉంటాయి. కనుక ఒక్క దిక్కులోనే పని చేసి, కొసకు చేరగానే ఖాళీగా మొదటికి వచ్చే పద్ధతి పుట్టింది. కోరికలు తక్కువగా ఉంటే లిఫ్టు పద్ధతి, రద్దీ హెచ్చితే ఈ పద్ధతి మంచివని టియోరీ, పింకర్టన్ 1972లో తేల్చారు.

2003 డిసెంబరులో వెలువడిన లినక్స్ 2.6లో కోరికలకు గడువు పెట్టే పద్ధతి కూడా ఉన్నది. చదివే కోరికకు అర సెకను, రాసే కోరికకు 5 సెకన్లు మామూలు గడువు. చదివే ప్రోగ్రాము సమాచారం అందేదాకా ఆగిపోతుంది కనుక దానికి తక్కువ గడువు. గడువు దాటిన కోరిక ఉంటే, దూరాన్ని పక్కన పెట్టి దానిని అందుకొంటారు.

నేటి ఎస్.ఎస్.డి.లలో తిరిగే పళ్ళెమూ లేదు, జరిగే చేయీ లేదు. దూరం లెక్క అక్కడ అక్కరలేదు. కాని ఒకే సాధనాన్ని పలువురు కోరినంతకాలం వంతుల లెక్క తప్పదు. పని త్వరగా సాగాలి, ఎవరూ వరుసలోనే మిగిలిపోకూడదు. ఈ రెంటినీ పొసగించడమే ఆనాటి నుండి నేటి వరకు ఈ శాస్త్రపు పని.